ఆదోనిలో కొన్న మాత్రలు

డెబ్బైల చివర్లో, ఎన్నికల ముందు, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. చేతులకు నూలుకద్దే రంగు, కొంగులో మందుల పొట్లం. ఎవరికని అడిగితే ఏడ్చేసింది.

"పాపకు మూర్ఛలన్నా. మా ఎమ్మిగనూర్లో తెలియగూడదని ఆదోనిలో కొంటాండాను. నిన్న ఓట్లడగనీకి వచ్చినోళ్లు, ఓటేస్తే నీ కూతురి మూర్ఛలు నయం చేయిస్తామని వీధంతా ఇనేటట్టు సెప్పినారు. నేను కొనే ఆ మందులంగడాయప్ప వాళ్ల మనిషంట."

"మళ్ళీ ఆ అంగడికే పోయినావా?"

"ఈ మాత్రలు ఇంకెవురూ అమ్మరు. వాళ్లకు ఓటెయ్యకుంటే ఆయప్ప ఇస్తాడా?"

పోలింగ్ డ్యూటీ పడిన పంతులిని కదా, ధైర్యం చెప్పాను. "ఓటు ఎవరికేసినావో ఎవరికీ తెలీదమ్మా."

ఆమె పొట్లాన్ని గట్టిగా పట్టుకుంది. "రోగం సంగతీ అట్లే అనుకుంటినన్నా."

పోలింగ్ రోజు, భయపడుతూ వచ్చినవాళ్లకు ఆ ధైర్యం చెప్పడానికి నాకు నోరు రాలేదు.