పెళ్లిళ్ల హాల్లో మా హాస్టల్

నేను ఎమ్మెస్సీ మొదలుపెట్టింది హాస్టల్లో ఉండి కాదు, ఫంక్షన్ హాల్లో ఉండి. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు పోయే రోడ్డు మీద ఉండేది ఆ హాలు. దేవరయాంజాల్ గుడికి పోయేవాళ్లు కారు ఆపి దారి అడిగేది సరిగ్గా మా గేటు ముందే. నాకు సీటు వచ్చేనాటికి మా యూనివర్సిటీవాళ్లు ఆడపిల్లల కోసం తలపెట్టిన కొత్త హాస్టల్ ఇంకా పునాదుల్లోనే ఉంది. "కొన్నాళ్లు సర్దుకోండమ్మా, దసరాకి కొత్త హాస్టల్లో ఉంటారు" అని ఆఫీసులో ఓ సారు నవ్వుతూ చెప్పి, మమ్మల్ని ఆ హాలు పై అంతస్తులో దింపారు.

కింద మండపం, పక్కన భోజనాల షెడ్డు, పైన గదులు. ఆ గదులు నిజానికి పెళ్లివారు దిగడానికి కట్టినవి. అందుకని మా గదిలో పుస్తకాలు పెట్టుకోవడానికి అల్మారా లేదు గానీ, గోడ పొడవునా అద్దం, దాని చుట్టూ బల్బులు ఉన్నాయి. ఆ బల్బుల వెలుగులోనే నేను కెమిస్ట్రీ చదివాను. చదువుతూ తలెత్తితే నా మొహం నాకే కనబడేది. ఎప్పుడు చూసినా ఎవరితోనో కొట్లాటకు పోతున్నట్టే ఉండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అవ్వ అంటుంది, కొత్తేమీ కాదు.

హాలు ఓనరు పక్క ఊరి ఆసామి. అందరూ ఆయన్ని పటేలా అని పిలిచేవారు. పొలమంతా ప్లాట్లయ్యాక మిగిలిన ముక్కలో ఈ హాలు కట్టాడు. యూనివర్సిటీకి గదులైతే ఇచ్చాడు గానీ పెళ్లిళ్లు మాత్రం వదులుకోలేదు. ముహూర్తం ఉన్న రోజు మేము రెండు గదులు ఖాళీ చేసి, మిగతావాటిలో ఇరుక్కోవాలి. దానికి బదులుగా, హాలు మాట్లాడుకోవడానికి వచ్చిన ప్రతి ఇంటివాళ్లకీ ఆయన ఒక షరతు పెట్టేవాడు.

"పైన మా ఆడివిల్లలున్నరు. లగ్గం నాడు వాళ్లకు గూడ అన్నం పెట్టాలె. మీరు కింద బంతులు పెట్టి, పైన పిల్లలు ఉపాసముంటే మంచిగుంటదా?"

ఇన్ని పెళ్లిళ్లలో ఒక్కరు కూడా కాదనలేదు. మొదటి పెళ్లికి మేము ప్లేట్లు పట్టుకుని ఓ మూల బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాం. శ్రావణమాసం పూర్తయ్యేసరికి పెళ్లివారికే పనులు పురమాయించే స్థాయికి ఎదిగాం. చీరకు పిన్నులు పెట్టేది మేమే, ఊడిన బాసింగం మళ్లీ కట్టేది మేమే. అయ్యగారు కర్పూరం అడిగితే అది ఏ సంచిలో ఉందో పెళ్లికూతురి తల్లి కంటే ముందు మాకు తెలిసేది. పిల్ల తరఫువాళ్లు మమ్మల్ని పిల్లగాడి తరఫు అనుకునేవారు, వాళ్లేమో వీళ్ల తరఫు అనుకునేవారు. పెళ్లిలో అవతలి వాళ్లను పట్టుకుని మీరెవరని అడిగితే ఎంత గొడవ అవుతుందో అందరికీ తెలుసు కాబట్టి, ఎవరూ అడిగేవారు కాదు.

ప్రతి ఆదివారం మేము కొత్త హాస్టల్ ఎంతవరకు వచ్చిందో చూడడానికి క్యాంపస్‌కి వెళ్లేవాళ్లం. మొదట బండ తగిలింది. ఆ చుట్టుపక్కల ఎక్కడ గడ్డపార వేసినా బండే తగులుతుంది, అయినా అందరూ ఆశ్చర్యపోయారు. బండ పగిలాక వానలు. వానలు తగ్గేసరికి శూన్యమాసం, దాని వెనకే మూఢం. మూఢంలో స్లాబు వేయరట. మూఢంలో పెళ్లిళ్లు కూడా ఉండవు కాబట్టి హాలంతా మాదే, మేము హాయిగా నిద్రపోయేవాళ్లం, అక్కడ హాస్టలూ నిద్రపోయేది. పోనీ మంచి రోజులొచ్చాకైనా పని సాగుతుందా అంటే, మంచి రోజులొస్తే మేస్త్రీకీ, పనివాళ్లకీ ఊరూరా పెళ్లిళ్లు. పంచాంగం ఇటు తిప్పినా అటు తిప్పినా మాకే దెబ్బ తగిలేది.

దీపావళి వెళ్లిన కొత్తలో గౌడవెల్లి వాళ్ల పెళ్లి ఒకటి మా హాల్లోనే జరిగింది. నేను బగారన్నం వడ్డిస్తూ పోతుంటే బంతి మధ్యలో మా హాస్టల్ మేస్త్రీ తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"అన్నా, స్లాబ్ ఎప్పుడు?" అన్నాను, గరిటె పైకెత్తి పట్టుకుని.

"వచ్చే సోమవారం చెల్లె. అన్నం పెట్టు."

"ఏ సోమవారం?"

"అన్నం కాడ గివన్ని ఎందుకు చెల్లె, పెట్టరాదు."

పెట్టనన్నాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి, పెళ్లికి పిలిచి అన్నం పెట్టనంటున్నారేందని లేవబోయాడు. పెట్టక తప్పలేదు. ఆ సోమవారం స్లాబు పడలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, నాకు లోపల భయంగా ఉండేది. కారణం మా నాయిన. మాది సిద్దిపేట అవతల పల్లెటూరు. నాయిన చెరువులో చేపలు పడతాడు. ఇంటి నుంచి ఇంత దూరం చదువుకోవడానికి వచ్చిన మొదటిదాన్ని నేనే. నన్ను దింపడానికి వచ్చిన రోజు హాలు చూసి, అక్కడే నిలబడి చెప్పేశాడు.

"వచ్చేటోళ్లు, పొయ్యేటోళ్ల నడుమ ఆడివిల్ల ఉండుడేంది? దసరా దాక సూస్త. గప్పటికి హాస్టల్ గాకపోతే ఇంటికి తోల్కపోత."

దసరా పోయింది. బతిమాలితే దీపావళి దాకా అన్నాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆయన అడిగే మొదటి మాట, "స్లాబ్ పడ్డదా?" నేను చెప్పే మాట కూడా ఒకటే. "సదివేది నేను నాయిన, బిల్డింగ్ గాదు. యాడున్నా సదువుత." "గవన్ని నాకు చెప్పకు" అని పెట్టేసేవాడు. ఒకసారి ఇంటికి పోతే మళ్లీ రానివ్వరని నాకు తెలుసు. మా వాడకట్టులో అలా మధ్యలో ఆగిపోయిన వాళ్లున్నారు. వాళ్ల పుస్తకాలు ఇప్పటికీ అటకల మీదే ఉన్నాయి.

కార్తీకమాసంలో ఓ పెళ్లి రోజు, పెళ్లికూతురిని పీటల దగ్గరికి తీసుకొచ్చి తలెత్తి చూస్తే, ముందు వరుసలో మా నాయిన! నుదుట బొట్టు, చొక్కా మీద పన్నీరు మరకలు, ఒళ్లో గుడ్డ సంచి. చెప్పకుండా వచ్చాడు. గుమ్మంలో ఆయన్ని పెద్దమనిషిగా ఎదుర్కొని లోపలికి తెచ్చి కూర్చోబెట్టారు. దగ్గరికి వెళ్లాను.

"సామాన్ సదురుకో, పోదాం" అన్నాడు. సంచిలోంచి కొత్త తెల్ల పంచె తీసి చూపించాడు. "బుక్కులు మూట గట్టనీకి తెచ్చిన."

నేను నోరు తెరిచేలోపే మండపంలోంచి అయ్యగారి కేక వినబడింది. "తెర ఏది? ముహూర్తం దగ్గర పడ్డది, అడ్డం పట్టనీకి తెర ఏది?" పిల్ల తరఫువాళ్లు పిల్లగాడివాళ్లు తెస్తారనుకున్నారు, వాళ్లు వీళ్లు తెస్తారనుకున్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెళ్లికూతురి తల్లి కంగారుగా చుట్టూ చూసి, మా నాయిన చేతిలోని పంచెను చూసింది.

"అన్నా, నీ కాల్మొక్త, గా బట్ట ఇయ్యవా?"

లగ్గం దగ్గర లేదనడం మా నాయినకు చేతకాదు. ఇచ్చేశాడు. అయ్యగారు అక్కడితో ఆగలేదు. "బట్ట తెచ్చినోళ్లే పట్టుండ్రి, జల్దీ!" అని ఒక కొస నాయిన చేతిలో, ఇంకో కొస నా చేతిలో పెట్టాడు. అలా ఎవరిదో పెళ్లిలో, ఎవరో తెలియని వధూవరుల మధ్య, నన్ను ఇంటికి తీసుకుపోవడానికి తెచ్చిన పంచెను అడ్డంగా పట్టుకుని నేనూ నాయినా ఎదురెదురుగా నిలబడ్డాం.

"మల్ల బస్సు దొరకది" అన్నాడు నాయిన, వాళ్ల తలల మీదుగా.

"రేపు ల్యాబున్నది నాయిన."

"ల్యాబు లేదు గీబు లేదు."

"తెర కాడ లొల్లేంది?" అని అయ్యగారు మంత్రం ఆపి కసిరాడు.

ఇద్దరం తెర ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాం. ఇంతలో పెళ్లికొడుకు మెల్లగా తల తిప్పి, గాలి పీల్చాడు.

"చేపల వాసనొస్తాంది ఏంది?"

"కొర్రమీను" అన్నాడు నాయిన, కొంచెం సిగ్గుగా. వేయించిన చేప ముక్కల డబ్బా కూడా ఆ సంచిలోనే వచ్చింది మరి. "మా బిడ్డకు తెచ్చిన."

"పొద్దటి సంది ఏం తినలే నేను. ఇంట్ల కార్తీకమని కూరగాయలే వండిండ్రు" అన్నాడు పెళ్లికొడుకు దీనంగా.

"జరంత ఓపిక వట్టు బిడ్డా. అయినంక నీకు రెండు ముక్కలు పెడ్త."

తెర అవతల పెళ్లికూతురు నవ్వు ఆపుకోలేక ఊగిపోవడం నాకు కనబడుతోంది. జీలకర్ర బెల్లం పెట్టించారు, మేళం మోగింది, అయ్యగారు సైగ చేశాడు. నాయినా నేనూ ఒక్కసారే తెర దించాం. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మా నాయిన మాత్రం ఏదో సొంత బిడ్డ పెళ్లి చేసినట్టు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

పంచె తిరిగి రాలేదు. పసుపు అంటిన తెర ఇక పెళ్లికూతురిదేనని ఆమె తల్లి మడత పెట్టి లోపల దాచుకుంది. బదులుగా, వియ్యాలవారి తరఫు పెద్ద అనుకుని నాయినకు బొట్టు పెట్టి, చేతిలో ఒక తువ్వాల పెట్టింది. ఆ తువ్వాలలో నా రికార్డు పుస్తకాలు కూడా పట్టవు. నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి భుజాన వేసుకున్నాడు.

భోజనాల దగ్గర ఆయన పక్కన పిల్లగాడి తరఫు ఒకామె కూర్చుంది. నేను పచ్చిపులుసు పోస్తుంటే నన్ను కిందికీ మీదికీ చూసి, నాయిన వైపు తిరిగింది.

"అన్నా, నీ బిడ్డనా? పొద్దటి సంది సూస్తున్న, పిల్ల మస్తు హుషారున్నది. మా అక్క కొడుకున్నడు. గండిమైసమ్మ కాడ సొంతిల్లు. మాట్లాడుదమా?"

ఇంటికి పోతే జరగబోయేది ఇదే. ఇక్కడే, నా కళ్ల ముందే జరిగిపోయేట్టుంది. నాయిన అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"సదువుకుంటాంది" అన్నాడు చివరికి.

"ఏడ?"

"గీడనే. పైన ఉంటరు."

"అయ్యో, గీ హాల్ల సదువేంది అన్నా? ఆడివిల్లలకు హాస్టలే గాలేదంట గద. గిట్ల ఎన్ని దినాలుంటది?"

నాయిన చెయ్యి విస్తరిలోంచి తీశాడు. ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

"సదివేది నా బిడ్డ, బిల్డింగ్ గాదు. యాడున్నా సదువుతది. సదువు అయ్యేదాక గీ ముచ్చట్లేం లేవు. ఏమనుకోకు చెల్లె."

ఫోన్లో నేను ఎన్నిసార్లు చెప్పినా కొట్టిపారేసిన మాటలవి. ఒక్కటి కూడా మరిచిపోలేదు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ నవ్వొచ్చింది, గరిటె ఒరిగి పచ్చిపులుసు కొంచెం ఆమె చీర మీద పడింది. ఆమె కోపంగా చూసింది. అంత సంతోషంలో ఆమె మీద నాకు కోపం కూడా రాలేదు. నాయిన నా మొహం చూడకుండా, "ఇంక జర పొయ్యి" అని విస్తరి చూపించాడు.

సాయంత్రం ఆయన అన్న మాట ప్రకారం పెళ్లికొడుకు గదికి వెళ్లి రెండు ముక్కలు ఇచ్చి వచ్చాడు. మిగిలిన డబ్బా నా చేతిలో పెట్టాడు. శామీర్‌పేట బస్టాప్ దాకా ఇద్దరం ఆటోలో వెళ్లాం. దారిలో తీసుకుపోయే మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సిద్దిపేట బస్సు వచ్చింది. ఖాళీ సంచి చంకలో పెట్టుకుని మెట్టు ఎక్కినవాడు వెనక్కి తిరిగాడు.

"గా మేస్త్రీ కనవడితే నేను చెప్పిన్నని చెప్పు."

"ఏమని నాయిన?"

"జల్దేం లేదు. గట్టిగ గట్టుమను."