ఎనిమిదో తాడు

నా చిన్నప్పుడు మేము కోయంబత్తూరులో మిల్లు లైన్లలో ఉండేవాళ్లం. ఒకే గోడకు అటొక కాపురం, ఇటొక కాపురం. మా గోడకు అవతలి ఇంట్లో నా ఈడు పిల్ల ఉండేది. ఇద్దరం మూడో తరగతి. బడిలో చదువు అరవంలో, ఇంట్లో మాట తెలుగులో.

ఆ వారం మా తరగతికి పాఠాలు తక్కువ, జడకోలాటం ఎక్కువ. శుక్రవారం బడి వార్షికోత్సవం. మా టీచరమ్మ దూలానికి ఎనిమిది రంగుల తాళ్లు వేలాడదీసి, ఎనిమిది మంది ఆడపిల్లలకు ఒక్కో కొస ఇచ్చారు. ఆమె దిండిగల్ నుంచి వచ్చిన మనిషి, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. ఒకరి తాడు కింద నుంచి ఒకరం దూరి తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటూ వచ్చేది. వచ్చిన దారినే వెనక్కి ఆడితే విడిపోయేది. ఒక్కరు అడుగు తప్పినా తాళ్లన్నీ చిక్కుపడేవి. పక్కింటి పిల్లది నాకెదురు తాడు.

అదే వారం మిల్లులో సమ్మె మొదలైంది. తెల్లవారగానే మోగే మిల్లు సంగు, అంటే సైరను, మోగలేదు. మా నాయన సంఘంలో ముందుండే మనిషి. గేటు ఎదుట పందిరి వేసుకుని మిగతావాళ్లతో అక్కడే కూర్చున్నాడు. పక్కింటాయన మొదట వాళ్లతోనే ఉండి, బుధవారం పోలీసుల వెనకాల మిల్లు లోపలికి వెళ్లాడు. ఇంట్లో ఆయన భార్య పచ్చి బాలింత. సమ్మెను కాదని పనిలోకి పోయినవాణ్ణి మా వైపు కరుంగాలి అంటారు. సాయంత్రానికల్లా ఆ మాట వాళ్ల తలుపు మీద బొగ్గుతో రాసి ఉంది.

"ఆ పిల్లతో మాట్లాడేది ఒద్దు కన్నా. నాయనకు తెలిస్తే రచ్చ అవుతాది" అంది మా అమ్మ.

మిగతా ఇళ్లలోనూ అదే చెప్పి ఉంటారు. మరునాడు ఆటలో ఆ పిల్ల తాడు కింద నుంచి దూరడానికి ఎవరమూ ముందుకు పోలేదు. తాళ్లు ముడిపడిపోయాయి. టీచరమ్మ తిట్టలేదు. బల్ల ఎక్కి చిక్కు విప్పుకుంటూ, "మళ్లీ మొదటి నుంచి" అన్నారు. ఆ పిల్ల తల వంచుకుని తన కొస పట్టుకుంది.

శుక్రవారం పొద్దున వాళ్ల కిటికీ మీద రాయి పడింది. ఆ చప్పుడుకు మా గోడ అదిరింది. బడికి ఆ పిల్ల రాలేదు. కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఏడుగురం నిలబడి ఉన్నాం. ఇంకొకరిని పెట్టుకుందామని ఎవరో అన్నారు.

"దాని అడుగులు దానికే తెలుసు. పోయి పిలుచుకోనొస్తాం, రాండి" అన్నారు టీచరమ్మ.

బడి నుంచి మా లైన్లకు పోవాలంటే గేటు దాటాలి. ఒక పక్క పందిరి, ఇంకో పక్క లాఠీలు పట్టుకున్న పోలీసులు. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఆ మధ్యన నడిచాం. గజ్జెల చప్పుడుకు తలలన్నీ మా వైపు తిరిగాయి. ముందు వరుసలో మా నాయన.

పక్కింటి తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. చాలాసేపు తట్టాక, చంటిబిడ్డను భుజాన వేసుకుని ఆ తల్లి ఓరగా తీసింది.

"నేను పంపను టీచరమ్మా. దోవలో ఏమన్నా అయితే?"

"బిడ్డల నడుమ వస్తాది చెల్లీ. ముందు నేనుంటాను."

తల్లి వెనకాల ఆ పిల్ల నిలబడి ఉంది. పట్టుపావడా కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, పొద్దుటి నుంచీ ఆ చీకటింట్లో అలాగే కూర్చుని ఉందట.

టీచరమ్మ ఆ పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టారు. "నువ్వు పట్టుకో" అని ముందుకు వెళ్లిపోయారు. ఆ అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

గేటు దగ్గరకు వచ్చేసరికి పందిట్లో నుంచి ఎవరో ఆ బొగ్గుమాటే గట్టిగా అన్నారు. ఒకడు లేచి, వంగి నేల మీద నుంచి రాయి తీసుకున్నాడు. అది చూసి పోలీసులు ఒక అడుగు ముందుకు వేశారు. టీచరమ్మ ఆగలేదు, వేగం పెంచలేదు. తరగతిలో అనే గొంతుతోనే, "అడుగు తప్పొద్దు" అన్నారు. నాయన చూపు నా చేతి మీద పడింది. వదిలేద్దామనిపించింది. ఆ పిల్ల ఇంకా బిగించి పట్టుకుంది.

నాయన లేచాడు. నా దగ్గరకు రాలేదు. రాయి పట్టుకున్నవాడి మణికట్టు పట్టుకున్నాడు.

"కూకోరా. బిడ్డలు పోతా ఉండారు."

వాడు కూర్చునే దాకా ఆ చెయ్యి వదల్లేదు. మేము దాటిపోయాం. ఆ సాయంత్రం జడ చక్కగా అల్లుకుని, చక్కగా విడిపోయింది.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను నిలదీసింది. నాయన కాళ్లు కడుక్కుంటూ, "టీచరమ్మ పట్టుకోమన్నారు, పట్టుకున్నాది. ఇడిచిపెట్టు" అన్నాడు. అయినా పక్కింటాయనతో ఆయన మళ్లీ మాట్లాడలేదు. సమ్మె ముగిసిన కొన్నాళ్లకు వాళ్లు తిరుప్పూరు వెళ్లిపోయారు.

ఎవరిది న్యాయమో టీచరమ్మ మాకు ఎన్నడూ చెప్పలేదు. నాయనది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. కానీ నలుగురం కూడిన చోటికి ఒకరు రాలేదంటే, ఎందుకు రాలేదో కూర్చుని మాట్లాడుకోవడం ఆనాటి నుంచి నాకు చేతకాదు. చెప్పులు వేసుకుని వాళ్లింటికి పోతాను. తలుపు తీసే దాకా అక్కడే నిలబడతాను.