నిమ్మకాయల కుప్ప మీద తువ్వాలు

గూడూరు నిమ్మకాయల మార్కెట్‌కి నేను చేసిచ్చిన యాప్ ఈ పొద్దున ఒకే కుప్పను ఇద్దరికి అమ్మేసింది. వ్యాపారులిద్దరూ ఒకే క్షణంలో ఫోన్లో నొక్కారు. క్లౌడ్‌లోని డేటాబేస్ ఇద్దరికీ "మీదే" అని చెప్పింది. ఇద్దరూ కుప్పకు చెరో పక్కన నిలబడి నన్నే చూస్తున్నారు. ఇక యాప్ తీసేయమంటారనుకున్నాను.

మండీ నడిపే రమణమ్మక్క భుజం మీది తువ్వాలు తీసి కుప్ప మీద పరిచింది.

"బేరం మొదలైతే మేం ఇట్టా కప్పేస్తాం అబ్బయా. అది తెగిందాకా ఇంకొకరు కాయ ముట్టుకోరు. నీ ఫోన్లో తువ్వాల్లేదా?"

లేదు. కుప్ప ఇంకా అమ్ముడుపోకుండా ఉందో లేదో చూడడం ఒక పనిగా, కొన్నవాళ్ల పేరు రాయడం ఇంకో పనిగా పెట్టాను. అక్కడే బస్తా మీద కూర్చుని రెండింటినీ, మధ్యలో ఇంకొకరు దూరకుండా, ఒకే ట్రాన్సాక్షన్‌గా కట్టేసి, ఆ కోడ్‌కి 'తువ్వాలు' అని పేరు పెట్టాను. మళ్లీ ఇద్దరి చేతా ఒకేసారి నొక్కిస్తే ఒకరికే దక్కింది. రెండో ఆయన నవ్వుకుంటూ పక్క కుప్పకు వెళ్లిపోయాడు.

అక్క మెచ్చుకుంది గానీ, తర్వాతి కుప్ప మీద మళ్లీ తువ్వాలు పరిచింది.

"నీదీ ఉండనీ, నాదీ ఉండనీ," అంది.

బ్యాకప్ గురించి ఈమెకు ఎవరు చెప్పారో మీలో ఎవరికైనా తెలుసా?