టేపు వేసిన బ్యాటరీ మూత

కెమెరా కంపెనీకి నేను రాసిన మెయిళ్లలో ఒక్కదానికీ ఇంతవరకూ సరైన జవాబు రాలేదు. "మీ సందేశం అందింది" అన్న ముక్క మాత్రం ప్రతిసారీ వస్తుంది. ఫోన్ చేస్తే పాట వినిపిస్తారు. అందుకే ఇక్కడ, అందరూ చూసేలా రాస్తున్నాను.

నేను పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు ఫొటోలు తీస్తాను. పగిలిన పైపులు, తుప్పు పట్టిన ట్యాంకులు, కొత్తగా బిగించిన మెషీన్లు. పోయినేడు ఎండాకాలం పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ షట్‌డౌన్‌లో ఉండగా, అంటే అన్నీ ఆపి మరమ్మతులు చేసుకుంటుండగా, నన్ను పిలిచారు. గేటు దగ్గర బల్ల మీద చాలాసేపు కూర్చోబెట్టాక ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి, "ఫొటోలే కదా, ఫోన్‌తోటి మావోళ్లే తీస్తుండిరి" అన్నాడు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరని ఆయనకు తెలియనిదా? ఆ మాట నేనింకా మరచిపోలేదు.

అక్కడ రియాక్టర్‌లో, అంటే రసాయనాలు ఉడికే పెద్ద స్టీలు పాత్రలో, పైపు అతికిన చోట చీలిక వచ్చింది. అంతకుముందు అక్కడ వెల్డింగ్ చేసింది యాదగిరి అనే కాంట్రాక్టు వెల్డర్. తప్పు అతనిదేనని మేనేజర్ తేల్చేశాడు. అదే ఖాయమైతే యాదగిరి గేట్ పాస్ పోతుంది, ఆ చుట్టుపక్కల ఇంకెవరూ పనికి పిలవరు. చీలిక తన వెల్డింగ్‌లో కాదు, పక్కనున్న స్టీలు ప్లేటులో మొదలైందని అతను మొత్తుకుంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌స్పెక్షన్ ఇంజినీరు ఫొటోలు చూసి చెబుతానన్నాడు. మధ్యాహ్నం గ్రైండింగ్ మొదలై ఆ చోటును అరగదీస్తే ఆ చీలికే ఉండదు.

సేఫ్టీ ఆఫీసర్ లక్ష్మి మేడమ్ రియాక్టర్ లోపలి గాలిని పరీక్షించి, దిగడానికి పర్మిట్ రాశారు. తర్వాత నా కెమెరా బ్యాటరీ మూత మీద టేపు అంటించి సంతకం పెట్టారు. రియాక్టర్ లోపల బ్యాటరీ తీసి పెట్టడం అక్కడ నిషేధం. రవ్వ లేస్తుందని భయం. మార్చాలంటే బయటికి రావాలి, మళ్లీ గ్యాస్ టెస్టు, మళ్లీ పర్మిట్. అంత సమయం ఇవ్వనని మేనేజర్ ముందే చెప్పేశాడు.

నిండా చార్జి చేసిన బ్యాటరీతోనే దిగాను. యాదగిరి లైటు పట్టుకుని వెంట వచ్చాడు. చీలిక వెంట్రుకంత సన్నం. ఫోకస్ కుదరాలంటే కెమెరా వెనక తెర వెలిగించి, బొమ్మను పెద్దది చేసి చూసుకోవాలి. బ్యాటరీని తాగేసేది ఆ తెరే. వెల్డింగ్ చుట్టూ సగం తీశానో లేదో, సగం చూపిస్తున్న బ్యాటరీ గుర్తు ఒక్కసారిగా ఎర్రబడింది. నేను కెమెరా కంపెనీకి రాస్తూ వచ్చింది సరిగ్గా దీని గురించే.

"ఏమైందన్నా?" అన్నాడు యాదగిరి.

"బ్యాటరీ."

"ఇంకెన్ని ఒస్తయ్?"

"తెల్వది. కంపెనోళ్లకు రాసిన. ఆళ్లకు గూడ తెల్వనట్టుంది."

"పెండ్లి ఫొటోలు తీసెటోడైతే ఈపాటికి ఇంకోటి ఏసుకుంటుండె."

అతను లైటు ఇంకా దగ్గరికి తెచ్చాడు. ఈసారి గొంతు తగ్గించి, "నా వెల్డింగ్ సక్కగున్నదని తియ్యకన్నా. చీలిక యాడ మొదలైందో గది తియ్యి సాలు" అన్నాడు.

తెర ఆపేశాను. తీసిన ఫొటో వెంటనే తెర మీద కనిపించే ఏర్పాటు కూడా ఆపేశాను. ఫ్లాష్ మూసి, లైటునే నమ్ముకున్నాను. కెమెరా మీది చిన్న కిటికీకి, వ్యూఫైండర్‌కు, కన్ను ఆనించి, ఒళ్లంతా ముందుకూ వెనక్కూ వంచుతూ ఫోకస్ పట్టాను. ఒక్కో ఫొటోకీ కెమెరా ఆపి, కాసేపు ఆగి, మళ్లీ వేశాను. అలసిన బ్యాటరీకి విరామమిస్తే కొంచెం తేరుకుంటుంది. చీలిక మొన దగ్గర ఆఖరి ఫొటో తీశాక కెమెరా ఇక లేవలేదు.

ఇంజినీరు చూసి చెప్పాడు: చీలిక మొదలైంది ప్లేటులోనే, వెల్డింగ్‌కు ఎడంగా. మర్నాడు యాదగిరి ఫోన్ చేశాడు. "అన్నా, గా రిపేరు గూడ నాకే ఇచ్చిండ్రు." మేనేజర్ నాకు థాంక్స్ చెప్పలేదు, చెప్పకపోయినా ఫరవాలేదు. లక్ష్మి మేడమ్ మాత్రం నా తర్వాతి పర్మిట్‌లో బ్యాటరీ మార్చుకోవడానికి విరామం, రెండో గ్యాస్ టెస్టు ముందే రాసి ఉంచారు. ఆ ఫ్యాక్టరీలో నా పని గురించి ఒకరు ముందుగా ఆలోచించడం అదే మొదలు.

కెమెరా కంపెనీ పుస్తకంలో రాసిన ఫొటోల లెక్క వాళ్లు పరీక్షించిన తీరులో వచ్చినది. నా పనిలో వచ్చే లెక్క వేరు. ఇప్పుడు ప్రతి బ్యాటరీనీ ఇంట్లో తెర వెలిగించి, పనిలో తీసినట్టే తీసి, అది చచ్చేదాకా ఎన్ని వస్తాయో లెక్కపెట్టి, మళ్లీ నిండా చార్జి చేశాకే సంచిలో పెడుతున్నాను. పని నాకు నేర్పింది అదే.

కానీ ఆ పరీక్ష చేయాల్సింది నేనా? కంపెనీవారూ, తెర వెలిగించి, దగ్గరి నుంచి, ఆగి ఆగి తీసేవాడికి మీ బ్యాటరీ ఎన్ని ఫొటోలు ఇస్తుంది? సగం చూపించే గుర్తు ఉన్నట్టుండి ఎందుకు ఎర్రబడుతుంది? ఎవరో ఒకరు పేరు పెట్టి జవాబు రాయండి. వచ్చే షట్‌డౌన్‌కు ముందే రాయండి.