మొరాయించిన మోవర్

మా ఆవిడ పోయాక అది తొలి వేసవి. సిడ్నీలో మా ఇంటి వెనక గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. గడ్డి కోసే మోవర్ ఎంతకీ స్టార్ట్ కాలేదు. కొత్త పెట్రోల్ పోశాను, ప్లగ్ తుడిచాను, తాడు లాగి లాగి భుజం పట్టేసింది.

"ఎయిర్ ఫిల్టర్ చూశారా అంకుల్?" అని కంచె మీంచి పక్కింటి తెలుగమ్మాయి అడిగింది.

మూత విప్పితే ఫిల్టర్ నిండా పసుపూ కుంకుమా. దసరాకి మా ఆవిడ కారుతోపాటు దీనికీ పూజ చేసింది. "మీరు పట్టే ఆయుధం ఇదొక్కటేగా!" అని నవ్వింది కూడా.

"దులిపేస్తే స్టార్ట్ అవుద్ది అంకుల్."

నాకు చేతులు రాలేదు. దాన్ని దేవుడి గూట్లో పెట్టి, కొత్తది కొని వేశాను. ఒక్క లాగుకే స్టార్టయింది.

"అయిందోయ్!" అని వంటింటి కిటికీ వైపు కేక పెట్టాను. పెట్టాకగానీ గుర్తు రాలేదు, అక్కడ ఎవరూ లేరని.