నేను కలిపేసిన పేజీలు

సూరత్‌లో చీరల కేటలాగులు, పెళ్లి కార్డులు, మన తెలుగువాళ్ల ఆహ్వాన పత్రికలు కంప్యూటర్‌లో పేజీలుగా పేర్చడం నా పని. నా పేజీని ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు, ఎక్కడా ఖాళీ ఉండదు. అక్షరాలకు కాస్త ఊపిరాడనివ్వమ్మా అని ఆఫీసులో పెద్దాయన వేళాకోళం చేస్తాడు. ఆయనకేం, ఆల్థాన్‌లో నాలుగు గదుల ఫ్లాటు. నేను చిన్నప్పుడు భేస్తాన్‌లో ఒక్క గదిలో పెరిగాను. నాన్నను మేం బాపు అంటాం. ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటలు నిలబడి నేసేవాడు. పోగు తెగితే వెంటనే ముడెయ్యాలి, లేదంటే బట్టలో పొడుగునా ఖాళీ గీత పడుతుంది. ఖాళీ అంటే తప్పని నా ఒంటికి ఆ ఇంట్లోనే పట్టింది.

పోయినేడు బాపు తన బతుకంతా ఒక నోట్‌బుక్కులో రాసి, చిన్న పుస్తకం వేయించు, మనవాళ్లకు పంచుదాం అన్నాడు. నోరు విప్పని మనిషి రాశాడంటే నాకు ఆత్రం ఆగలేదు. నాకు కావలసింది ఒక్కటే. నా పదకొండో ఏట అమ్మ పోయింది. కర్మ కాగానే బాపు నన్ను సిరిసిల్లలో అమ్మమ్మ దగ్గర వదిలేసి సూరత్ రైలెక్కాడు. దిగిన మర్నాడే పనిలో నిలబడి ఉంటాడని అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. ముప్పై ఏళ్లు ఆ కోపం మోశాను. అమ్మ పోయినందుకు ఆయనకు అసలు బాధ కలిగిందా లేదా, అది తెలిస్తే చాలు నాకు.

నేరుగా ఆ చోటే వెతికాను. పేజీ చివర ‘ఆమె పోయింది’ అని ఉంది. తిప్పితే రెండు పేజీలు ఉత్తవి. ఆ తర్వాత ‘మల్ల సాంచలకు పోయిన’ అని మొదలుపెట్టాడు. మిగతా నోట్‌బుక్కంతా అంచుల దాకా కిక్కిరిసి ఉంది.

పొరపాటున ఒక ఆకు ఎక్కువ తిప్పేశాడనుకున్నాను. అడగొచ్చు, అడగలేదు. రెండు వాక్యాలనూ ఒకే వరుసలో కలిపేశాను, మధ్యలో పేరా కూడా విడగొట్టలేదు. నిజం చెప్పాలంటే అలా పక్కపక్కన చూసుకుంటే నాకు లోపల చల్లగా అనిపించింది. చూడు, నీ సంగతి ఇదీ అని ఆయన మొహం మీద అన్నట్టుగా ఉంది.

పుస్తకాలు ఆదివారం మావాళ్ల మీటింగులో పంచేశాం. సోమవారం బాపు గడప దగ్గర కూర్చుని వేలు పెట్టి చదువుకుంటూ ఆ వరుస దగ్గర ఆగాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. నన్ను పిలిచాడు.

“మీ అమ్మ పోయినంక, ఈడికొచ్చి రెండు నెలలు నేను గదిల కెల్లి బయటికి రాలే బిడ్డా. సాంచ సప్పుడు ఇంటేనే ఒణుకొచ్చేది.”

నా గొంతు లేచింది, నా గుణం అది.

“మరి అది రాయాలె గద బాపు.”

“రాసిన గద. రెండు పేజీలు.”

అప్పటికే ఆ పుస్తకం ఊరి ఆ చివర కోసాడ్ దాకా మావాళ్ల ఇళ్లకు చేరిపోయింది. పెళ్లాం పోయిన మర్నాడే పనికి పోయినవాడని ఆయన గురించి అందరూ చదువుకుంటూ ఉంటారు. నేను ఏడ్చేశాను. ఇల్లిల్లూ తిరిగి అన్నీ వెనక్కి తెస్తానని, మళ్లీ అచ్చు వేయిస్తానని ఏదేదో అన్నాను. బాపు వద్దన్నట్టు చెయ్యి ఊపి పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

“ఆ పేజీలు వాళ్ల కోసం ఇడువలే బిడ్డా. నువ్వన్న సదువుతవనుకున్న.”