దర్జీగారి గోడ కొలతలు

దర్జీగారు పక్కింటి టీచరమ్మ స్థలం కాజేయడానికే రోజూ మధ్యగోడ కొలుస్తున్నారని వీధిలో పుకారు. పుట్టించినవాళ్లకు ఆయన సంగతి తెలియదు. కొట్టు మూసి ఆరేళ్లయినా ఆయన మెడలోంచి టేపు దిగలేదు. కూరగాయల బండి దగ్గర సొరకాయ నడుము కొలిచి, "వదులుగా ఉంది, ఇంకోటివ్వు" అనే మనిషి.

ఇప్పుడాయన గిరాకీలు మొక్కలు. అవీ మామూలువి కావు. ఎండ సూటిగా పడితే అలిగి, గాలి గట్టిగా వీస్తే మంచమెక్కే రకాలు. గోడ వారగా, గాలి చొరని మూలలో, ఎవరి నోరూ తిరగని పేర్ల పొదలూ తీగలూ పెంచుతున్నారు. చలికాలం వాటికి అస్తరు వేసి కోట్లు కుడతారు.

"నా జాకెట్టు మూడు నెలల్నించీ మూలపడుంది. ఈ తీగ కోటుకి భుజాలు కూడా కుట్టారా?" అంది ఆయన భార్య.

"అది ఎదిగే పిల్ల. నువ్వు ఎదగడం ఆగావుగా" అన్నారాయన.

టీచరమ్మ కాలు విరిగి రెండు నెలలుగా కిటికీ పక్కన కుర్చీలోనే ఉంది. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట. "ఎదురుగా ఈ గోడ తప్ప ఇంకేం లేదు. పెచ్చులు కూడా లెక్కపెట్టేశాను."

కిటికీకి పైన చూరు అడ్డం. గోడ నడుమ మాత్రమే కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే అక్కడికి దర్జీగారి టేపు కొస జారేది, కాసేపు ఊగేది, పైకి పోయేది. అవతల కాగితం మీద పెన్సిలు గీసిన చప్పుడు. ఆమెకు ఒళ్లు మండింది. ఉన్నదే గుప్పెడు స్థలం. గోడ నాలుగడుగులు లేపమని మేస్త్రీని పిలిపించింది.

మేస్త్రీ నిచ్చెనెక్కి చూశాడు. "అమ్మా, అవతలి తీగ మనవైపు దిగింది. ఒళ్లంతా మొగ్గలే. అటు చూస్తే ఒట్టి ఆకులు. నరికెయ్యనా?"

"ఆగు. ముందు ఆయన్ని రమ్మను."

దర్జీగారు టేపుతో సహా కిటికీ ముందుకు వచ్చి నిలబడ్డారు.

"సూటిగా అడుగుతున్నా దర్జీగారూ. నా స్థలంలో మీకెంత కావాలి?"

ఆయన తలెత్తి తీగను చూశారు, వంగి కిటికీని చూశారు.

"అంగుళం కూడా వద్దు టీచరమ్మా. పూలన్నీ మీవైపే దింపాను గానీ, మీరు కూర్చున్న ఎత్తుకి ఇంకా మూరెడు పొట్టి ఉంది. మేస్త్రీని పదిరోజులు ఆపితే, అంచు విప్పి పొడుగు చేసిస్తాను."